మోహనంలో ఒక బాణీ, దాని కింద కార్డులు: హార్మొనీ నేర్చుకునే దారి

సరళీ స్వరాలు, జంట స్వరాలు దాటి నాలుగైదు గీతాలు పాడగలిగినవాళ్లు కీబోర్డు ముందు కూర్చుంటే కుడిచేత్తో బాణీ తొందరగానే పలికిస్తారు. చిక్కంతా ఎడమచేతి దగ్గరే. ఏదో ఒక కార్డుల (ఒకేసారి నొక్కే స్వరాల గుంపుల) పట్టిక చూసి నొక్కితే ఒకచోట అమరినట్టే ఉంటుంది. ఇంకోచోట రాగమే మారిపోయినట్టు వినిపిస్తుంది. ఎందుకలా జరిగిందో పట్టిక చెప్పదు.

కారణం ఇది. మన సంగీతంలో ప్రతి స్వరానికీ విలువ కట్టేది షడ్జం. తంబూరా ఆ షడ్జాన్ని ఆపకుండా వినిపిస్తూనే ఉంటుంది. హార్మొనీలోకి (అంటే బాణీతోపాటు వేరే స్వరాలు కలిపి మోగించడంలోకి) రాగానే బేస్‌లో, అంటే అన్నిటికంటే కింద ఉన్న స్వరం కూడా ఆ పని మొదలుపెడుతుంది. ఒకే గాంధారం కింద స పెడితే ఒక రుచి, ద పెడితే ఇంకో రుచి. కాబట్టి కార్డు వేసిన ప్రతిసారీ "ఇప్పుడు స ఎక్కడుంది?" అన్న ప్రశ్నకి వినేవాళ్ల చెవికి మీరొక జవాబు చెబుతున్నారు. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతాదంతా సాధనే. ఈ మార్గదర్శిలో మోహనంలో చిన్న బాణీ కట్టి, దానికి కార్డులు, బేస్, రెండో గొంతు ఒక్కొక్కటిగా చేరుద్దాం.

కావలసినవి: 61 మెట్ల (కీల) కీబోర్డు (49 ఉన్నా నడుస్తుంది), మెట్రోనోమ్, తంబూరా యాప్, గీతల నోటుపుస్తకం, రికార్డు చెయ్యడానికి ఫోను. రోజుకి 40 నిమిషాలు కూర్చోగలిగితే చాలు. వారానికోసారి నాలుగు గంటలు కూర్చుంటే మాత్రం చెవికి ఏమీ అంటదు.

మొదటి మెట్టు: దూరాలు లెక్కపెట్టడం

షడ్జాన్ని సి (C) మెట్టు దగ్గర పెట్టుకోండి, అంటే ఒకటో శ్రుతి. కీబోర్డు మీద నలుపు, తెలుపు తేడా లేకుండా పక్కపక్కనున్న ఏ రెండు మెట్ల మధ్య దూరమైనా సమానమే. ఆ లెక్కలో స సున్నా. రి1 ఒకటి, రి2 రెండు, గ2 మూడు, గ3 నాలుగు, మ1 అయిదు, మ2 ఆరు, ప ఏడు, ద1 ఎనిమిది, ద2 తొమ్మిది, ని2 పది, ని3 పదకొండు. పన్నెండో మెట్టు దగ్గర మళ్లీ స. శుద్ధ గాంధారం, షట్శ్రుతి రిషభం లాంటి పేర్లు ఇదే మెట్లకి ఉన్న రెండో పేర్లు. మేళకర్తల్లో వాటికి పనుంది కానీ ఇక్కడ దూరం ఒక్కటే చూస్తాం.

ఈ అంకెలు నోటికి రావాలి. "ద2 నుంచి పై గ3కి ఎంత?" అని అడిగితే వేళ్లు మడవకుండా "ఏడు" అనగలగాలి. వారం రోజులు ఇదే ఆటగా ఆడండి. దీంతోపాటు ఒక చెవి సాధన కూడా చెయ్యండి. కీబోర్డు మీద స ఒక్కటే నొక్కి పట్టుకుని గ3 పాడండి, ఆ తర్వాతే మెట్టు నొక్కి సరిచూసుకోండి. తర్వాత ప, తర్వాత ద2. ముందు మెట్టు నొక్కి తర్వాత పాడితే అది అనుకరణ అవుతుంది, చెవి పదునెక్కదు.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. స్థాయిని 1200 సెంట్లుగా పంచితే కీబోర్డు గాంధారం సరిగ్గా 400 దగ్గర ఉంటుంది. తంబూరా తీగలోంచి తనంతట తాను పలికే గాంధారం దాదాపు 386 దగ్గర ఉంటుంది. పంచమంలో తేడా 2 సెంట్లే, అది చెవికి దాదాపు అందదు. కానీ గాంధారంలో 14 సెంట్లు బాగా తెలుస్తుంది. తంబూరా యాప్, కీబోర్డు కార్డు రెండూ ఒకేసారి మోగిస్తే శబ్దం అలలు అలలుగా వణుకుతుంది. చాలామంది కీబోర్డులో ఏదో లోపం ఉందనుకుంటారు. లోపం కాదు, రెండు శ్రుతి పద్ధతులు ఢీకొంటున్నాయి. స్వరసాధనకి తంబూరా పెట్టుకోండి. కార్డులు మొదలుపెట్టగానే దాన్ని ఆపెయ్యండి.

రెండో మెట్టు: మూడు స్వరాల ముద్ద

ఒక స్వరం తీసుకుని, రాగంలో ఒకటి వదిలి ఒకటి చొప్పున ఇంకో రెండు పేర్చితే కార్డు అవుతుంది. దాని స్వభావం దూరాల్లో ఉంటుంది. 4+3 అయితే మేజర్, 3+4 అయితే మైనర్, 3+3 అయితే డిమినిష్డ్, 4+4 అయితే ఆగ్మెంటెడ్. కార్డులకి ఇక్కడ స్వరాల పేర్లే వాడుదాం. "స మేజర్" అంటే స గ ప, "ద మైనర్" అంటే ద స గ. ఇలా నేర్చుకుంటే గాయని అయిదో శ్రుతి అడిగినా, గాయకుడు ఒకటిన్నర అడిగినా ఆలోచన మారదు, చెయ్యి జరుగుతుందంతే.

ధీర శంకరాభరణంలో (స రి2 గ3 మ1 ప ద2 ని3) ఏడు స్వరాల మీదా పేర్చి చూడండి. స, మ, ప మీద మేజర్ వస్తుంది. రి, గ, ద మీద మైనర్. ని మీద డిమినిష్డ్. ఈ ఏడూ రాసుకుని, చేత్తో వాయించి, ప్రతి కార్డులోని మూడు స్వరాలూ ఒక్కొక్కటిగా పాడండి.

మన పాఠాలు మాయామాళవగౌళతో (స రి1 గ3 మ1 ప ద1 ని3) మొదలవుతాయి కదా, దాంతోనే ఎందుకు మొదలుపెట్టకూడదు? పేర్చి చూస్తే తెలుస్తుంది. స మేజర్, రి1 మేజర్, గ మైనర్, మ మైనర్ వరకు బాగానే వస్తాయి. ప మీద 4+2 వస్తుంది, దానికి నిలకడ లేదు. ద1 మీద ఆగ్మెంటెడ్. కొత్తగా నేర్చుకునేవాళ్లకి పంచమం మీద గట్టి కార్డు లేకపోవడం పెద్ద లోటు. గొంతుకి తొలి మెట్టుగా అంత చక్కగా పనికొచ్చే రాగం హార్మొనీకి తొలి మెట్టు కాలేదు.

శంకరాభరణంలో సాధనకి ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు మేలైన సామగ్రి. పాశ్చాత్య బ్యాండు బాణీల నడకలో సంస్కృత సాహిత్యంతో ఉంటాయి. గమకాలు (స్వరాన్ని ఊపి పలకడం) దాదాపు ఉండవు, స్వరాలు సూటిగా వస్తాయి. ఆ బాణీలు పుట్టిన చోట కింద హార్మొనీ ఉండేది కాబట్టి స, మ, ప కార్డులు వాటి కింద ఇట్టే కుదురుతాయి. పెద్ద కృతుల జోలికి పోకుండా ముందు వీటిలో రెండు మూడు ప్రయత్నించండి.

మూడో మెట్టు: చెయ్యి ఎగరకుండా కార్డు మార్చడం

కొత్తవాళ్లు చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఉంటుంది. స గ ప పట్టుకుని, చెయ్యెత్తి మ ద స మీద వేసి, మళ్లీ ఎత్తి ప ని రి మీద వేస్తారు. మూడూ సరైన కార్డులే, అయినా వినడానికి మెట్లమీద పెట్టెలు ఈడ్చినట్టు ఉంటుంది. మూడు స్వరాలూ ఒకే దిశలో, ఒకే ఎడంతో కదలడమే దీనికి కారణం. మూడు గొంతులు ఉండాల్సిన చోట ఒకే గొంతు మందంగా వినిపిస్తుంది.

దీని బదులు కుడిచేతిని ఇలా నడపండి. మొదట స గ ప. మ మేజర్‌కి వెళ్లేటప్పుడు స అలాగే ఉంచండి, గ మీది వేలిని మ కి, ప మీది వేలిని ద కి జరపండి. చేతిలో స మ ద ఉంటుంది. ప మేజర్‌కి వెళ్లేటప్పుడు మూడు వేళ్లూ కిందికి దిగుతాయి: స కిందనున్న ని కి, మ రి కి, ద ప కి. చేతిలో ని రి ప. చివర ప అలాగే ఉంచి, ని స కి, రి గ కి ఎక్కితే మళ్లీ స గ ప. ఈ మూడు మార్పుల్లో ఏ వేలూ మూడు మెట్లకి మించి కదల్లేదు.

ఎడమచెయ్యి మాత్రం స, మ, ప, స అని ఒక్కొక్క స్వరం వాయిస్తుంది. మ నుంచి ప కి బేస్ ఎక్కుతుంటే కుడిచెయ్యి దిగుతోంది, గమనించండి. ఇలా ఎదురెదురుగా కదిలినప్పుడే రెండు వేర్వేరు గొంతులున్నట్టు చెవికి తెలుస్తుంది. మెట్రోనోమ్ 60లో పెట్టి, కార్డుకి నాలుగు దెబ్బలు చొప్పున, చూడకుండా చెయ్యగలిగేదాకా ఇదే వాయించండి. తర్వాత షడ్జాన్ని జి (G) దగ్గర పెట్టి ఇదే వాయించండి. ట్రాన్స్‌పోజ్ (శ్రుతి మార్చే) బటన్ కచేరీలో వాడుకోవచ్చు. సాధనలో వాడితే చెయ్యి జీవితాంతం ఒకే శ్రుతిలో బందీ అవుతుంది.

ఇంకొక జాగ్రత్త. కీబోర్డు ఎడమ చివర్లో, మధ్య సి కి ఒక స్థాయి కిందున్న సి కంటే దిగువన, స, గ రెండూ కలిపి నొక్కకండి. అంత కింద దగ్గరి స్వరాలు బురదలా కలిసిపోతాయి. అక్కడ ఒక్క స్వరమో, స స జంటో, మహా అయితే స ప నో చాలు.

నాలుగో మెట్టు: బాణీ కట్టడం

మోహనం: స రి2 గ3 ప ద2 స. 28వ మేళమైన హరికాంభోజికి జన్యం (దానిలోంచి పుట్టింది), మ, ని వర్జ్యం, అంటే ఆ రెండూ ఉండవు. ఆదితాళంలో నాలుగు ఆవర్తనాల (తాళం చుట్ల) బాణీ ఒకటి కడదాం. లఘువుకి నాలుగు అక్షరాలు, తర్వాత రెండు ద్రుతాలు, అక్షరానికి ఒక స్వరం. కామా ఉంటే ముందు స్వరాన్ని ఇంకో అక్షరం సాగదియ్యాలి.

1) గ , గ ప | ద ప | గ ,
2) రి , గ రి | స రి | గ ,
3) గ ప ద స | స , | ద ప
4) గ ప గ రి | స , | , ,

మూడో వరుసలోని స తారస్థాయిది, మిగతావన్నీ మధ్యస్థాయి.

ఈ బాణీలో గొప్ప ఊహ ఏమీ లేదు, ఉండకూడదు కూడా. నేర్చుకోవడానికి ఎముకలు కనబడే బాణీ కావాలి. మొదటి వరుస గాంధారం మీద ఆగి ఒక మాట అడుగుతుంది. రెండోది కాస్త దిగి మళ్లీ గాంధారానికే వస్తుంది కాబట్టి సమాధానం పూర్తికాదు. మూడోది పైకెక్కి తారషడ్జాన్ని తాకుతుంది. నాలుగోది ఇంటికి చేరుస్తుంది. బాణీ మొత్తంలో శిఖరం ఒక్కసారే వచ్చింది, అదీ సగం దూరం దాటాక. మొదటి వరుసలోనే తారస్థాయికి ఎక్కేస్తే ఆ తర్వాత చెప్పడానికి ఏమీ మిగలదు. సొంతంగా కట్టేటప్పుడు ముందు ఆ శిఖరం ఎక్కడో నిర్ణయించుకుని, అటునుంచి వెనక్కి రండి.

రెండో వరుస ఎలా పుట్టిందో చూడండి. మొదటి వరుస ఆరంభంలోని లయని (రెండక్షరాల స్వరం, తర్వాత రెండు ఒంటి స్వరాలు) అలాగే ఉంచి స్వరాలు మాత్రమే మార్చాం. బాణీకి ఒక ముఖం ఏర్పడేది ఇలా. నాలుగు వరుసల్లో నాలుగు కొత్త లయలు వేస్తే వినేవాళ్లకి ఏదీ గుర్తుండదు.

అయిదో మెట్టు: ఏ కార్డులు దొరుకుతాయి?

మోహనం అయిదు స్వరాలతో ఎన్ని పూర్తి కార్డులు వస్తాయో వెతకండి. రెండే: స మేజర్ (స గ ప), ద మైనర్ (ద స గ). అంతే. రి మీద, గ మీద, ప మీద మేజర్ గానీ మైనర్ గానీ కట్టాలంటే మ నో ని నో కావాలి.

రిషభం దగ్గర ఏం చెయ్యాలి? కార్డు మధ్య స్వరం స్థానంలో దాని పక్క స్వరాన్ని పెట్టే సస్పెండెడ్ (సస్) కార్డులు ఇక్కడ ఆదుకుంటాయి. ప స రి (ప మీద సస్ ఫోర్), రి ప ద (రి మీద సస్ ఫోర్), స రి ప (స మీద సస్ టూ). వీటన్నిట్లో మోహనం స్వరాలే ఉన్నాయి. మేజర్, మైనర్ రంగు లేదు కాబట్టి గాలి ఆడినట్టు ఉంటాయి, రాగాన్ని ఒత్తిపట్టవు.

ఇక బాణీలో ఏ స్వరాలు ముఖ్యమో గుర్తించండి. దెబ్బ పడే అక్షరం మీదున్నవి, సాగేవి, వరుస ఆఖరున నిలిచేవి ముఖ్యం. మిగతావి దారిలో వచ్చిపోయేవి. కార్డు కుదరాల్సింది ముఖ్య స్వరాలతోనే. ప్రతి స్వరానికీ ఒక కార్డు వెయ్యడం మొదట్లో అందరికీ వచ్చే ఆశ. అలా వేస్తే బాణీ నడవదు, కుంటుతుంది. ఈ వేగంలో నాలుగు అక్షరాలకి ఒక కార్డు చాలు.

మొదటి వరుస లఘువులో గ, ప ఉన్నాయి, స మేజర్. ద్రుతాల్లో ద, గ ముఖ్యం, ప దారిది, కాబట్టి ద మైనర్. రెండో వరుస లఘువులో రి రాజ్యం, ప స రి. ఆ తర్వాత గాంధారం మీద నిలుస్తుంది, స మేజర్. మూడో వరుస లఘువుకి ద మైనర్. ద్రుతాల్లో స ద ప వస్తాయి, వాటికి స గ ప ద అనే నాలుగు స్వరాల కార్డు వేస్తే మూడూ లోపలే ఉంటాయి. నాలుగో వరుసలో మాత్రం కార్డుల వేగం పెంచాలి. గ ప కి స మేజర్, గ రి కి ప స రి, తర్వాత స మేజర్. అంటే రెండేసి అక్షరాలకే మార్పు. ముగింపు దగ్గరపడుతోందని వినేవాళ్లకి తెలిసేది ఈ తొందరవల్లే.

ఆరో మెట్టు: మ, ని లని రానివ్వాలా?

పాశ్చాత్య హార్మొనీలో ముగింపుకి వాడే బలమైన పద్ధతి ప మీద సెవెంత్ కార్డు నుంచి స మేజర్‌కి రావడం. ఆ సెవెంత్ కార్డులో స్వరాలు ప ని రి మ. ఆ కార్డుకి లాగే బలం ని, మ జంట ఇస్తుంది. రెండింటికీ మధ్య ఆరు మెట్లు, నిలవలేని దూరం. ని స లోకి ఎక్కాలని, మ గ లోకి దిగాలని తహతహలాడతాయి. మోహనంలో వర్జ్యమైన స్వరాలు సరిగ్గా ఈ రెండే! అందుకే మోహనం బాణీ చివర సెవెంత్ కార్డు వెయ్యగానే రాగం తెలిసినవాళ్ల ముఖం మారుతుంది. గొంతు మోహనమే పాడుతోంది, చెవిలో మాత్రం శంకరాభరణం పడింది.

దీనికి మూడు దారులున్నాయి. మొదటిది, రాగ స్వరాలు దాటకపోవడం: ప స రి నుంచి స గ ప కి ముగించడం. లాగుడు తక్కువ, నెమ్మది ఎక్కువ. రెండోది, ఒక్క స్వరాన్ని మాత్రమే, లోపలి గొంతులో, దారిలో వచ్చిపోయేలా అరువు తెచ్చుకోవడం. ఉదాహరణకి మూడో వరుస ద్రుతాల్లో తారషడ్జం కింద మ మేజర్ (మ ద స) వేస్తే ఎంతో తియ్యగా ఉంటుంది. బాణీలోని స, ద రెండూ అందులో ఉన్నాయి. అయితే ఆ మధ్యమాన్ని బేస్‌లో గట్టిగా పెట్టకుండా, ధైవతాన్ని బేస్‌లో ఉంచి మధ్యమాన్ని మధ్యలో దాచండి. మూడోది, సినిమా పాటల్లోలా స్వేచ్ఛగా ఏడు స్వరాలూ వాడుకోవడం.

మా సలహా ఏమిటంటే మొదటి నెలంతా మొదటి దారిలోనే ఉండండి. రెండు కార్డులు, మూడు సస్‌లతో బాణీని నిలబెట్టడం చేతనైతే అరువు స్వరం ఎక్కడ అవసరమో చెవే చెబుతుంది. మూడో దారితో మొదలుపెట్టినవాళ్లకి ఏ రాగమైనా చివరికి ఒకేలా వినిపిస్తుంది.

ఏడో మెట్టు: బేస్ చెప్పే తీర్పు

స గ ప ద అనే ఆ నాలుగు స్వరాల కార్డుకి తిరిగి వద్దాం. బేస్‌లో స ఉంటే అది స మేజర్ సిక్స్త్. ఆ నాలుగు స్వరాలనే ఉంచి బేస్‌లో ద పెడితే ద మైనర్ సెవెంత్. కుడిచెయ్యి ఒక్క వేలు కూడా కదల్లేదు, అయినా వెలుగు పోయి సాయంత్రం అయినట్టు ఉంటుంది. రెండు చేతులతో ఒక పది నిమిషాలు ఇదొక్కటే చేసి చూడండి. ఈ మార్గదర్శిలో ఒక్క సాధనే చెయ్యగలిగితే అది ఇదే కావాలి.

ఎందుకలా అంటే అది గ్రహభేదం. మోహనం స్వరాలనే తీసుకుని ద ని షడ్జంగా భావిస్తే శుద్ధ ధన్యాసి అవుతుంది. ప ని భావిస్తే శుద్ధ సావేరి, రి ని భావిస్తే మధ్యమావతి, గ ని భావిస్తే హిందోళం. తంబూరా ఉన్నంతసేపు ఈ ప్రమాదం తక్కువ. తంబూరా ఆపేసి బేస్‌ని ద మీద రెండు ఆవర్తనాలు నిలిపితే వినేవాళ్ల షడ్జం మెల్లగా ద కి జారిపోతుంది. తర్వాత మీరు స మీద ముగించినా ఇల్లు చేరినట్టు అనిపించదు.

దీన్ని తప్పుగానూ వాడొచ్చు, ఒప్పుగానూ వాడొచ్చు. పల్లవి అంతా స చుట్టూ తిప్పి, చరణం మొదట్లో కావాలనే బేస్‌ని ద మీద నాలుగు ఆవర్తనాలు నిలిపితే ఒక్క స్వరం కొత్తగా చేర్చకుండానే శుద్ధ ధన్యాసి నీడ పడుతుంది. మళ్లీ పల్లవికి వచ్చేటప్పుడు ద నుంచి ప కి, ప నుంచి స కి బేస్‌ని నడిపించండి. శ్రోతని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చినట్టు ఉండాలి. పల్లవిలో మాత్రం ఏ ఆవర్తనంలోనూ ద బేస్ సగానికి మించనివ్వకండి.

మన బాణీకి బేస్: మొదటి వరుస స, ద. రెండో వరుస ప, స. మూడో వరుస ద, స. నాలుగో వరుస గ, ప, స. నాలుగో వరుసలో స మేజర్ కింద గ ని పెట్టడం వల్ల బేస్ గ ప స అని తానే ఒక చిన్న సంచారం చేస్తుంది. బేస్‌ని ఒక్కదాన్నే పాడుకున్నా మోహనం వినిపించాలి. అలా వినిపించకపోతే మార్చండి.

ఎనిమిదో మెట్టు: రెండో గొంతు

మేజర్ స్కేలులో (అంటే శంకరాభరణం స్వరాల్లో) బాణీకి ఒకటి వదిలి కింది స్వరం జత చేస్తే తియ్యటి జంట వస్తుంది. మోహనంలో అదే పని చేస్తే వేరేలా ఉంటుంది. గ కి స జత, దూరం నాలుగు మెట్లు. కానీ ప కి రి, ద కి గ, తారషడ్జానికి ప, అన్నీ అయిదు మెట్ల దూరాలే. వరుసగా అయిదు మెట్ల జంటలు వస్తే బోలుగా వినిపిస్తుంది.

కాబట్టి రెండో గొంతుని బాణీకి ఎదురు నడిపించండి. మొదటి వరుసకి ఇలా: లఘువు నాలుగు అక్షరాలూ మధ్యషడ్జం మీద నిలవాలి. మొదటి ద్రుతంలో మంద్రస్థాయి ద కి దిగాలి. రెండో ద్రుతంలో తిరిగి మధ్యషడ్జానికి రావాలి. బాణీ ప నుంచి ద కి ఎక్కుతుంటే ఇది దిగుతుంది. బాణీ గ కి దిగుతుంటే ఇది ఎక్కుతుంది. ఎనిమిది అక్షరాల్లో మూడు స్వరాలే, అయినా రెండు గొంతులూ విడివిడిగా వినిపిస్తాయి. మిగతా మూడు వరుసలూ మీరే రాయండి. ఒకటే నియమం: బాణీ, రెండో గొంతు ఏడు మెట్ల దూరంలో ఉండి, రెండూ ఒకే దిశలో జరిగి మళ్లీ ఏడు మెట్ల దూరంలోనే ఆగకూడదు.

గమకం కింద ఏం పెట్టాలి?

1940లో ఆల్ ఇండియా రేడియో హార్మోనియాన్ని దూరం పెట్టింది. దాని స్వరం మెట్టు మీద నిలిచిపోతుంది, ఊగదు అన్నది అప్పట్లో గట్టిగా వినిపించిన ఆక్షేపణ. కీబోర్డు కార్డుకీ అదే గుణం. తోడిలో గాంధారం ఒకచోట ఉండదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. దాని కింద గ2 ఉన్న కార్డుని నొక్కి పడితే గొంతు అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ మెట్టుతో గీరుకుంటుంది. పాడేవాళ్లు శ్రుతి తప్పారని వినేవాళ్లు అనుకుంటారు. తప్పు వాయించేవాళ్లది.

పనికొచ్చే సూత్రం: బాణీలో ఏ స్వరం ఊగుతోందో ఆ స్వరాన్ని ఆ క్షణంలో కార్డులోంచి తీసెయ్యండి. స మేజర్‌లో గ తీసేస్తే మిగిలేది స ప, అది తంబూరాకి దగ్గరి బంధువు, ఎవరినీ ఇబ్బంది పెట్టదు. గమకం సద్దుమణిగి స్వరం నిలిచాక గ ని మెల్లగా చేర్చొచ్చు. మోహనంలోనూ గాంధారాన్ని ఊపి పాడే చోట్ల ఇదే చెయ్యండి. స్ట్రింగ్స్, ప్యాడ్ లాంటి నిలిచే శబ్దాలకంటే పియానో, గిటారు లాంటి ఆరిపోయే శబ్దాలు గమకం కింద మేలు.

తర్వాత ఏ రాగాలు?

కీరవాణి మొదట. స మైనర్, మ మైనర్ దొరుకుతాయి. పైగా ప ని రి మ నాలుగూ రాగంలోనే ఉన్నాయి, కాబట్టి సెవెంత్ కార్డుతో ముగించినా అరువు ఏమీ లేదు. మోహనంలో కష్టపడ్డ ముగింపు ఇక్కడ రాగమే అందిస్తుంది.

హిందోళంలో పంచమం లేదు కాబట్టి స మీద కార్డే కట్టలేం. దొరికేవి ద1 మేజర్ (ద స గ), మ మైనర్ (మ ద స) మాత్రమే. మ మైనర్ ఎక్కువసేపు వాయిస్తే మ షడ్జంగా మారి శుద్ధ ధన్యాసి వినిపిస్తుంది. బేస్‌లో షడ్జాన్ని ఆపకుండా మోగిస్తూ, పైన ఈ రెండు కార్డుల్ని మార్చడం ఒక్కటే నమ్మదగ్గ దారి.

కల్యాణి ఆకర్షణకి లోనై చాలామంది రెండోవారంలోనే దాన్ని పట్టుకుంటారు. అందులో రి మీద మేజర్ (రి మ2 ద) వస్తుంది. దాని తర్వాత ప మేజర్ వేశారో, షడ్జం పంచమానికి వెళ్లిపోయి అక్కడ శంకరాభరణం మొదలవుతుంది. కల్యాణికి కార్డులు వేసి "ఎక్కడో తేడా కొడుతోంది" అనుకునేవాళ్లలో ఎక్కువమందికి జరిగేది ఇదే. రి మేజర్ వేసేటప్పుడు బేస్‌లో షడ్జాన్ని వదలకండి, అక్కడినుంచి నేరుగా స మేజర్‌కి రండి. సమం (ఆవర్తనం మొదటి అక్షరం) దగ్గర ప కార్డు పడకుండా చూసుకోండి. అప్పుడు ప్రతిమధ్యమం (మ2) తన వెలుగుతో నిలుస్తుంది.

తాళం మారితే కార్డు మారే చోటు కూడా మారుతుంది. మిశ్రచాపు 3+2+2 కాబట్టి ఒకటో అక్షరం, నాలుగో అక్షరం మీద మార్చండి. ఖండచాపు 2+3లో ఒకటి, మూడు. తాళం విరుపుని కాదని మధ్యలో మారిస్తే మృదంగం ఒకటి చెబుతుంది, కీబోర్డు ఇంకొకటి చెబుతుంది.

ప్రతి బాణీకీ చివర ఒక పరీక్ష పెట్టండి. కార్డులు, బేస్ మాత్రమే వాయించి ఫోనులో రికార్డు చెయ్యండి. మర్నాడు అది వింటూ, ఆఖరి కార్డు ఆగిపోగానే మీకు తోచిన షడ్జం పాడండి. తర్వాత మెట్టు నొక్కి చూడండి. మీరు అనుకున్న స, గొంతులోంచి వచ్చిన స ఒకటైతే ఆ హార్మొనీ నిలిచినట్టే. వేరైతే ఎక్కడ జారిందో ఆవర్తనం ఆవర్తనంగా ఆపి వెతకండి. దాదాపు ప్రతిసారీ దొరికేది, సమం మీద పడిన ఒక తప్పుడు బేస్ స్వరం.

సహాన లాంటి కొన్ని రాగాల్లో ఈ పరీక్ష నెగ్గినా పాట మాత్రం పల్చబడుతుంది. వాటి స్వరాలు మెట్ల మీద నిలిచేవి కావు, పట్టులు, వంకర నడకలతోనే వాటికి రూపం. అక్కడ కార్డు పుస్తకం మూసేసి, తంబూరా మళ్లీ పెట్టండి.